కమలా చౌధ్రీ: పని ఆమెది, పదవి మరొకరిది

తెలుగులో తొలి కథ గురజాడ ‘దిద్దుబాటు’ (1910) అని చదువుకుని పరీక్షలు రాసిన తరం మాది. అంతకు ఎనిమిదేళ్ళ ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ రాశారన్న సంగతి నలుగురి నోటా వినిపించడానికి స్త్రీవాద విమర్శకులు ఎంత వాదించాల్సి వచ్చిందో మనకి తెలుసు. ‘మొదటి’ అన్న మాట తారీఖులని బట్టి రాదు, లెక్క వేసేవాళ్ళని బట్టి వస్తుంది. సాహిత్య చరిత్రని ఇలా అనుమానంగా చదవడం అలవాటైన నాకు, సాహిత్యానికి బొత్తిగా సంబంధం లేదనిపించే మరో చరిత్రలోనూ ఇదే తంతు కనిపించింది. అది మన దేశంలో మేనేజ్‌మెంట్ చదువుల చరిత్ర. నాయకత్వం గురించి పాఠాలు చెప్పే సంస్థలు తమ పుట్టుక గురించి చెప్పుకునేటప్పుడు ఎవరిని నాయకులంటాయి? ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళితే కమలా చౌధ్రీ దగ్గర ఆగాను.

ఆమె 1920లో లాహోరులో పుట్టారు. ఐ.సి.ఎస్. అధికారి అయిన భర్త పెళ్ళయిన కొద్దికాలానికే హత్యకి గురయ్యారు. ఇరవయ్యేళ్ళ వయసులో వైధవ్యం వచ్చిన ఆడదాని జీవితం ఆ రోజుల్లో ఎటు పోతుందో మన కథలూ నవలలూ చాలానే చెప్పాయి. ఆమె చదువు వైపు వెళ్ళారు. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో సాంఘిక మనస్తత్వ శాస్త్రంలో డాక్టరేట్ చేశారు.

అక్కడ చేసిన పరిశోధన ఆధారంగా థియొడోర్ న్యూకమ్‌తో కలిసి ఆమె రాసిన వ్యాసం 1952లో అచ్చయింది. అందులో తీసుకున్న ప్రశ్న చాలా మామూలుగా కనిపిస్తుంది. ఒక బృందంలో నాయకులుగా గుర్తింపు ఉన్నవాళ్ళు, తమవాళ్ళు ఏమనుకుంటున్నారో మిగతావాళ్ళ కంటే సరిగ్గా అంచనా వెయ్యగలరా? నాలుగు విద్యార్థి బృందాలని పరిశీలిస్తే, వెయ్యగలరనే తేలింది. అయితే అన్ని విషయాల్లోనూ కాదు, ఆ బృందానికి దగ్గరగా సంబంధించిన విషయాల్లోనే. అంటే నాయకత్వం మనిషితో పుట్టిన తేజస్సు కాదు, ఎక్కడికెళ్ళినా వెంట వచ్చేదీ కాదు. ఫలానా మనుషుల మధ్య మెలుగుతూ, వాళ్ళ మాట వింటూ సంపాదించుకునే తెలివిడి అది.

ఇలా వినగలగడం స్త్రీల సహజ గుణం అని నేను అనబోవడం లేదు. అలా అంటే ఒక శాస్త్రవేత్త కష్టపడి కొలిచి చూపించినదాన్ని మళ్ళీ ఓర్పు, త్యాగాల ఖాతాలో జమ కట్టినట్లవుతుంది. ఆమె చేసింది పరిశోధన. దాన్ని ఆ పేరుతోనే పిలవాలి.

స్వదేశానికి వచ్చాక ఆమె అహ్మదాబాదులో, బట్టల మిల్లుల కోసం 1947లో ఏర్పడిన అటీరా అనే పరిశోధన సంస్థలో చేరి, మానవ సంబంధాల విభాగాన్ని నడిపారు. పడుగు తెగితే ఎవరు ముడి వెయ్యాలి, మేస్త్రీకీ కార్మికుడికీ మధ్య మాట ఎలా నడుస్తుంది అన్నవి అక్కడ రోజువారీ ప్రశ్నలు. పని చేసేవాళ్ళ మనోస్థైర్యానికీ, పైవాళ్ళు వేసే ఉత్పత్తి ప్రణాళికకీ ఉన్న లంకె గురించి సహచరుడితో కలిసి ఆమె 1957లో రాశారు. మనోస్థైర్యం లేదంటే కార్మికుడి బద్ధకమే అని తీర్పు చెప్పేసే రోజుల్లో ప్రశ్నని పైవాళ్ళ వైపు తిప్పారు.

1961 డిసెంబరులో అహ్మదాబాదులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంట్ ఏర్పడింది. విక్రమ్ సారాభాయ్ గౌరవ డైరెక్టరు. పరిశ్రమలూ, ప్రయోగశాలలూ, అంతరిక్ష పరిశోధనా ఒకేసారి చూసుకుంటున్న మనిషి ఆయన. మొదటి అధ్యాపకురాలిగా చేరిన కమలా చౌధ్రీ కార్యక్రమాల కోఆర్డినేటరు. రోజువారీ పని చాలావరకు ఆమె మీదే నడిచింది. 1964లో ‘మూడంచెల’ శిక్షణ మొదలైంది. ఒకే రకం సంస్థల నుంచి కింది, మధ్య, పై స్థాయి మేనేజర్లని విడివిడిగానూ కలిపీ కూర్చోబెట్టే పద్ధతి ఇది. కిందివాడు ఏదో నేర్చుకుని వెళితే పైవాడు ‘ఇక్కడ అవేం కుదరవు’ అని నోరు నొక్కెయ్యకుండా ఉండడానికి! బృందం మనసు తెలుసుకోవడం గురించి రాసిన మనిషి ఆలోచన ఇందులో నాకు కనిపిస్తుంది.

ఇక్కడో విడ్డూరం ఉంది. ఈ కొత్త సంస్థకి గురుస్థానంలో ఉన్నది హార్వర్డ్ బిజినెస్ స్కూలు. 1908లో మొదలైన ఆ స్కూలు ఆడపిల్లల్ని రెండేళ్ళ ఎం.బి.ఎ. కోర్సు మొదటి ఏడాదిలోకి చేర్చుకున్నది 1963లో, ఎనిమిది మందిని. అంతకు ముందు వాళ్ళకోసం రాడ్‌క్లిఫ్ కాలేజీలో 1937 నుంచీ విడిగా ఓ ఏడాది కోర్సు ఉండేది. పాఠాలు చెప్పేది హార్వర్డ్ అధ్యాపకులే, తరగతి గది మాత్రం వేరు. అంటే హార్వర్డ్ తన ఎం.బి.ఎ. మొదటి ఏడాది తరగతిలో ఆడపిల్లని కూర్చోనివ్వని రోజుల్లోనే, అది తీర్చిదిద్దుతున్నానని చెప్పుకున్న భారతీయ సంస్థని ఒక స్త్రీ నడిపిస్తోందన్నమాట.

1965లో పూర్తికాలం డైరెక్టరు వచ్చారు. ఆమె కాదు, కలకత్తా ఐ.ఐ.ఎం. నుంచి వచ్చిన రవి మత్తాయ్. మత్తాయ్ సమర్థుడు. అధ్యాపకులకి స్వేచ్ఛనిచ్చారు, 1972లో తనంత తానుగా పదవి వదిలి మామూలు ఆచార్యుడిగా కొనసాగారు. ఆయన్ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. నేను అడిగేది వేరే. డాక్టరేటూ, మిల్లుల్లో ఏళ్ళ అనుభవమూ, సంస్థని తొలినాళ్ళలో నడిపిన చరిత్రా ఉన్న మనిషి ‘కోఆర్డినేటరు’ దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? ఇంట్లోనూ అంతే కదా, సంసారం నడిపేది ఒకరు, యజమాని అనిపించుకునేది మరొకరు.

ఆమె గురించి ఇప్పుడు మాట్లాడేవాళ్ళు కూడా ఎక్కువగా మాట్లాడేది మరో సంగతి. ఆమె తోబుట్టువు కొడుకు, మనోవిశ్లేషకుడు సుధీర్ కక్కర్ 2011లో వచ్చిన తన జ్ఞాపకాల పుస్తకంలో సారాభాయ్‌కీ ఆమెకీ ఉన్న ప్రేమ గురించి రాశారు. ఆమెని అహ్మదాబాదులో ఉంచడానికే సంస్థ అక్కడికి వచ్చిందన్న మాట ప్రచారమైంది. ఆ బంధాన్ని దాచమని నేననను. మృణాళినీ సారాభాయ్ వైపు నుంచి చూస్తే దానికి మరో చరిత్ర ఉంటుంది, అదీ చెప్పుకోవలసిందే. కానీ ఒక సంస్థకి పునాది వేసిన స్త్రీ, ఆ పునాదికి ‘కారణం’ మాత్రమే అయిపోవడం ఎంత సులువుగా జరిగిపోయిందో చూడండి! ఆయన దార్శనికుడు, ఆమె ప్రేయసి. పరిశోధన చేసిన, పాఠం చెప్పిన, శిక్షణలు నడిపిన మనిషి మాయం.

సారాభాయ్ 1971లో మరణించాక ఆయన రచనల్ని సంకలనం చేసి పుస్తకంగా తెచ్చిందీ ఆమే. ఆ తర్వాత ఫోర్డ్ ఫౌండేషన్‌లో పనిచేశారు. 1980లలో జాతీయ బంజరుభూముల అభివృద్ధి బోర్డుకి అధ్యక్షురాలయ్యారు. 2006లో కన్నుమూశారు.

ఐ.ఐ.ఎం.లలో ఒకదానికి ఒక స్త్రీ డైరెక్టరు కావడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. సిర్మౌర్ ఐ.ఐ.ఎం.కి నీలూ రోహ్‌మేత్రా వచ్చారు. 2014లో హార్వర్డ్ బిజినెస్ స్కూలు డీన్ నితిన్ నోరియా, తమ స్కూలు స్త్రీలని చూసిన తీరుకి బహిరంగంగా క్షమాపణ చెప్పారు. అప్పటికి వాళ్ళ కేస్ స్టడీల్లో స్త్రీ ముఖ్యపాత్రగా ఉన్నవి 9 శాతమేనట. అయిదేళ్ళలో 20 శాతం చేస్తామని మాటిచ్చారు. కేస్ స్టడీ అంటే కథే కదా. కథలో ఎవరు నిర్ణయం తీసుకుంటారో వాళ్ళే నాయకులని విద్యార్థులు నేర్చుకుంటారు. అచ్చమాంబ గురించి ఇంతకాలం వాదించిన మనకి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

అందుకే నాయకత్వం మీద పాఠం ఎక్కడ చెప్పినా 1952 నాటి ఆ వ్యాసాన్ని మొదట చదివించాలంటాను. రాసినామె ఆ తర్వాత ఏ పని చేశారో, ఏ పదవి రాలేదో కూడా అదే గంటలో చెప్పాలి.