‘పునరావాసం’ - రెండు అర్థాలు: విపత్తు చరిత్రలో వికలాంగులు

1. ప్రవేశిక

‘పునరావాసం’ అంటే మళ్ళీ నివాసం ఏర్పరచడం. జలాశయం ముంపునకు గురైన గ్రామాన్ని వేరొకచోట నెలకొల్పినా, తుఫానులో ఇల్లు కోల్పోయిన కుటుంబానికి పక్కా ఇల్లు కట్టించినా పాలనావ్యవహారంలో ఈ మాటే వాడతారు. కాలు పోయిన వ్యక్తికి కృత్రిమ అవయవం అమర్చి నడక నేర్పడాన్నీ, వెన్నుపాము దెబ్బతిన్నవారికి ఫిజియోథెరపీ అందించడాన్నీ ఇదే మాట సూచిస్తుంది. విపత్తు నిర్వహణలో ఈ రెండవ అర్థం చాలాకాలం మొదటిదాని నీడలోనే ఉండిపోయింది. రెండు విపత్తులు, వాటి తరువాతి చట్టాల ఆధారంగా ఈ వ్యాసం ఆ క్రమాన్ని పరిశీలిస్తుంది.

2. దివిసీమ, 1977

1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. మృతులు 10,000 వరకు ఉంటారని అంచనా. చెట్టుకొమ్మను పట్టుకోగలగడం, ఎత్తైన డాబాను చేరగలగడం ప్రాణాన్ని నిలిపిన సందర్భమది. నడవలేనివారికి, చూపులేనివారికి ఆ అవకాశం ఎంతమాత్రం దక్కి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. చరిత్రకెక్కింది మాత్రం మొత్తం మృతుల సంఖ్య ఒక్కటే.

తరువాతి కాలంలో తీరం పొడవునా తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి. నీరు కిందుగా పోయేలా స్తంభాలపై ఎత్తుగా కట్టడం వాటి నిర్మాణసూత్రం. ఉప్పెన నుంచి కాపాడే ఆ ఎత్తే మెట్లెక్కలేనివారికి అడ్డంకి; ర్యాంపు ఉంటే తప్ప ఈ వైరుధ్యం తీరదు. రేడియోలో, మైకులో వినిపించే హెచ్చరిక బధిరులకు చేరదన్నది మరొక సమస్య.

3. కచ్, 2001

2001 జనవరి 26 నాటి కచ్ భూకంపం రెండవ అర్థాన్ని తప్పించుకోలేని విధంగా ముందుకు తెచ్చింది. ఉప్పెనలో చిక్కినవారు చాలావరకు మునిగి మరణిస్తారు. భూకంపం చంపినవారికన్నా ఎన్నో రెట్లమందిని గాయపరుస్తుంది. గుజరాత్‌లో సుమారు 20,000 మంది మరణించగా, గాయపడినవారు 1,60,000 దాటారు. భుజ్‌లోని ప్రభుత్వాసుపత్రే కూలిపోయింది.

వెన్నెముక విరిగినవారిని శిథిలాల నుంచి ఆధారం లేకుండా లాగితే వెన్నుపాముకు మరింత హాని జరుగుతుంది. బయటపడిన తరువాత కూడా తరచుగా పక్కకు తిప్పి పడుకోబెట్టకపోతే ఒరుపు పుండ్లు పడతాయి. మూత్రకోశ సంరక్షణ లోపిస్తే ఇన్‌ఫెక్షన్ ప్రాణాంతకమవుతుంది. అంటే వీరి పునరావాసం సహాయశిబిరాలు ఎత్తివేశాక చేపట్టవలసిన పని కాదు, శిథిలాలు తొలగించే చేతులతోనే మొదలవుతుంది. ఇల్లు కొన్ని నెలలు ఆగవచ్చు, ఈ సేవ ఆగలేదు.

4. చట్టాల మౌనం

కచ్ భూకంపం, 2004 సునామీ తరువాత 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. సహాయ ప్రమాణాలను తెలిపే 12వ సెక్షన్ వితంతువులకు, అనాథలకు ప్రత్యేక ఏర్పాట్లు సూచించింది. వివక్షను నిషేధించే 61వ సెక్షన్ లింగం, కులం, సముదాయం, వంశం, మతం అనే ఐదింటిని పేర్కొంది. రెండుచోట్లా వికలాంగత లేదు. అంతకు పదేళ్ళ ముందటి 1995 వికలాంగుల చట్టంలో విపత్తుల ప్రస్తావన లేదు. ఒకటి మనుషుల్ని మరిచింది, మరొకటి సందర్భాన్ని.

వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒప్పందాన్ని భారతదేశం 2007లో ధ్రువీకరించింది. విపత్తుల్లో రక్షణ గురించి చెప్పే 11వ అధికరణం అందులోనిదే. దాని ప్రభావం 2016 చట్టపు 8వ సెక్షన్‌లో కనిపిస్తుంది. జిల్లాలోని వికలాంగుల వివరాలు నమోదు చేసి ఉంచడం, ప్రమాదాన్ని వారికి ముందుగా తెలియజేయడం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ బాధ్యత అయ్యాయి. పునర్నిర్మాణం వారికి అందుబాటుగా ఉండాలన్న నిబంధన కూడా చేరింది. దివిసీమ అనుభవం దృష్ట్యా ఇది గణనీయమైన ముందడుగు.

అయితే 8వ సెక్షన్ తిరిగి కట్టడం గురించి మాట్లాడుతుంది. వైద్యపరమైన, వృత్తిపరమైన పునరావాస సేవలు 27వ సెక్షన్‌లో విడిగా ఉన్నాయి, అవీ ప్రభుత్వ ఆర్థికస్తోమత పరిధికి లోబడి. రెండు అర్థాలు ఒకే చట్టంలోకి చేరినా ఒకచోటికి రాలేదు. విపత్తులోనే వికలాంగత పొందిన వ్యక్తి పేరు, ముందుగా తయారైన జిల్లా జాబితాలో ఉండే అవకాశమే లేదు.