తూము దగ్గరి మనిషి

ఇబ్రహీంపట్నం పెద్దచెరువు మాట వస్తే గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా (1550–1580) పేరు తలుస్తారు. ఊరి పేరూ ఆయనదే. చెరువును ఏటేటా బతికించిన నీరటిని మాత్రం చరిత్ర తలవదు. తూము తీసేదీ మూసేదీ అతనే. పాత తూమంటే నీళ్లలో నిలబెట్టిన రాతి స్తంభాలు, వాటి మధ్య బెజ్జాలున్న బండలు, బెజ్జాన్ని మూసే కర్ర బిరడా. ఏ బండ మునిగింది, ఏది తేలిందన్నదే అతని కొలత. వాగు ఎంత తెచ్చింది, ఎండ ఎంత తాగుతుంది, కోతదాకా మళ్లకు ఎన్ని తడులు కావాలి, ఇవన్నీ కలిపి చూసుకుంటేనే బిరడా ఎంత ఎత్తాలో తెలిసేది.

ఇది తేలికైన లెక్క కాదు. తొట్టిలోకి వచ్చే నీళ్లు, పోయే నీళ్లు చూపించి, మట్టం ఎలా మారుతుందో గీయమంటే అమెరికాలోని ఎమ్‌ఐటీ విద్యార్థులే చాలామంది తప్పారని పరిశోధకులు స్వీనీ, స్టెర్మన్ 2000లో చూపారు. మన దగ్గర 1369 నాటి పోరుమామిళ్ల శాసనం చెరువుకు ఆరు దోషాలు చెబుతూ, నీరు కొద్దిగా ఉండి పొలం ఎక్కువ కావడాన్నీ, నీరు ఎక్కువై పొలం చాలకపోవడాన్నీ వాటిలో చేర్చింది. రాకకూ పోకకూ పొత్తు కుదరాలన్న ఎరుక అప్పటికే రాతికెక్కింది.

అదంతా ఆనవాయితీయే, అవగాహన కాదని అనవచ్చు. కానీ వట్టి ఆనవాయితీ ఏటా ఒకేలా నడవాలి. చెరువు సగమే నిండిన ఏడు తాబి (యాసంగి) సాగు తగ్గించుకోవడం ముందుచూపుతో చేసే పని. ఇంతకంటే బరువైన ఆక్షేపణ 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగాయని ఇంజనీరు విశ్వేశ్వరయ్య తేల్చారు. పై చెరువు తెగితే దాని నీళ్లన్నీ కింది కట్ట మీద పడతాయి. ఎవరి చెరువు వాళ్లకు తెలుసు, గొలుసు మొత్తం తెలిసినవాళ్లు లేరు. ఇది ఒప్పుకోవాల్సిందే. ఎవరి మడికి ముందు నీళ్లన్న మాట దొరదో పటేలుదో అయ్యేదనీ, చాలా ఊళ్లలో నీరటి దళితుడేననీ కూడా ఒప్పుకోవాలి. తెలివి అతనిది, అధికారం వేరొకరిది.

అయినా తన చెరువు మొత్తం నీటిని ఒకచోట నిలబడి చూసే మనిషంటూ ఉండేవాడు. బోరుబావులు వచ్చాక పోయింది ఆ చోటే. భూమిలో ఉన్నదీ చెరువే, కాకపోతే దానికి మునిగే బండలు లేవు. రైతుకు కనిపించేది తన పైపు ఒక్కటే. నీళ్లు తగ్గితే ఇంకా లోతుకు దించుతాడు, పక్కవాడూ అదే చేస్తాడు. వాన కురిసినా ఆ నీరు అడుగుకు ఇంకడానికి రోజులు పడుతుంది కాబట్టి, చేసిన తప్పు వెంటనే కనిపించదు. బోర్లకు అదుపు పెడుతూ 2002లో వాల్టా చట్టం వచ్చింది. నాకు అంతకన్నా పెద్ద మాటగా తోచేది పొరుగున మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల పల్లెల్లో జరిగింది. అక్కడ రైతులే బోరులోకి కొలత తీగ దించి, నీరు ఎన్ని మీటర్ల కిందుందో ఊరి బోర్డు మీద రాశారు. యాసంగి విత్తకముందే అందరూ కూర్చుని, ఉన్న నీళ్లకు ఎన్ని ఎకరాల వరి తూగుతుందో లెక్క వేసుకున్నారు.