ఓటరు రెండవ మాట

ఓట్లలో మూడవవంతు మాత్రమే పొందినవానిని ప్రజలు వరించిరని చెప్పవచ్చునా? 1918వ సంవత్సరమున ఆస్ట్రేలియావారికి ఈ ప్రశ్న తప్పనిదయ్యెను. సర్ జాన్ ఫారెస్టు మరణించుటచే స్వాన్ నియోజకవర్గమున ఉపయెన్నిక వచ్చెను. శ్రామికపక్షమును ఎదిరించువారు తమలో తాము చీలి, నేషనలిస్టు నొకనిని, రైతుపక్షీయు నొకనిని నిలిపిరి. ఆ యిర్వురి యోట్లును కలిపిన సగమునకు మించియుండెను. అయినను నూటికి ముప్పదినాలుగు వంతుల యోట్లతో శ్రామికపక్షపు కార్బోయ్ అను ఇరువదిరెండేండ్ల యువకుడు గెలిచెను.

ప్రభుత్వము వెంటనే మేల్కొని, ఆ యేడే శాసనము చేసెను. ఓటరు ఒక్క పేరునకు గుర్తుపెట్టుటకు మారుగా అభ్యర్థులను తన యిష్టానుసారము 1, 2, 3 అని వరుసపరుపవలెను. ఎవనికిని సగమునకు మించి ప్రథమస్థానములు రానియెడల, అందరికంటె తక్కువ వచ్చినవానిని తొలగించి, వాని చీట్లను వానిలోని రెండవ పేరువారికి పంచుదురు. ఒకడు సగము దాటువరకు ఇట్లే చేయుదురు. ఇది కేవలము ధర్మబుద్ధిచే జరిగినదని మేమనజాలము. తమ యోట్లు చీలి ప్రత్యర్థికి లాభించుననెడి భయమే పాలకులచే ఈ పని చేయించెను. డిసెంబరు 14వ తేదీన కొరంగమైట్ ఉపయెన్నికలో దీని ఫలము కనబడెను. శ్రామికపక్షపు స్కలిన్ మొదటి లెక్కలో ముందుండియు, తక్కినవారి చీట్లు పంచిన పిమ్మట రైతుపక్షపు గిబ్సన్ చేతిలో ఓడెను. ఆ స్కలినే 1929లో ప్రధానమంత్రి యయ్యెను.

ముందున్నవానిని వెనుకకు లాగుటకే ఈ పద్ధతి పుట్టెనని కొందరందురు. మన రాష్ట్రపతి యెన్నికయు ఇట్టిదే కదా. 1969 నాటి లెక్కను వారు చూడవలెను. వరాహగిరి వేంకటగిరిగారును నీలం సంజీవరెడ్డిగారును, ఇర్వురు తెలుగువారే, ఎదురెదురుగా నిలిచిరి. ఓట్ల విలువనుబట్టి గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశముఖ్ గారికి 1,12,769 వచ్చెను. గెలుపునకు 4,18,169 కావలెను. తక్కినవారి చీట్లు పంచగా రెడ్డిగారు తొంబదివేలకు పైగా పొంది 4,05,427కు చేరిరి. గిరిగారు 4,20,077తో గెలిచిరి. ముందున్నవారే నిలిచిరి, కాని సగము దాటి నిలిచిరి.

లోక్‌సభకును శాసనసభకును మనము నేటికిని ఒక్కరినే ఎంచుకొనుచున్నాము. శాసనమండలి ఉపాధ్యాయ నియోజకవర్గమున మాత్రము మావంటివారు, అధికారు లిచ్చిన ఊదారంగు కలముతో, అంకెలు వేయుదురు. పట్టభద్రుల యెన్నికలలో అంకెకు మారుగా టిక్కు పెట్టి ఓటును చెల్లకుండ చేసికొను చదువరులును గలరు! అంకెలు నేర్పు వృత్తిలో నుండియు, మొదటిసారి ఆ చీటిని చేతబట్టి మేమును కొంతసేపు ఆలోచించితిమి. మొదటి పేరు సులభముగనే తోచెను. రెండవదానికే చాలసేపు పట్టెను.