పొట్టేలు - దాని పౌరుషము - మన కర్తవ్యము

మహాసభ సంచికలయందు కులోత్పత్తిని గూర్చియు, కొలుచు వేల్పులను గూర్చియు పెద్దలు వ్రాయుట పరిపాటి. అది యుచితమే. కాని మన తాతముత్తాతలకు కూడుగుడ్డ లొసంగినది మంద. ఆ మందకు వంశకర్త పొట్టేలు. దాని చరిత్రము వ్రాయువారు అరుదు. రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల సీమలోని గొల్ల కురుమ కుటుంబములకు ఇది వినోదవిషయము గాదు. మేతబీళ్లు తఱిగి మందలు ఇఱుకున బడిన ఈ దినములలో పొట్టేలి తలతాకుడు మందకును మనుష్యునకును ముప్పు దెచ్చుచున్నది. కావున ఈ నాలుగు మాటలు కులబాంధవుల సన్నిధిని ఉంచుచున్నాము.

మన భాషలో పొట్టేలికి తగరు, గొఱ్ఱెపోతు అను పేర్లు కలవు. సంస్కృతమున మేషము. పండ్రెండు రాసులలో మొదటిది దీని పేర వెలసినదే. ప్రాచీన రోమకులు కోటగోడలను పడగొట్టుటకు వాడిన దూలపు యంత్రమునకు పొట్టేలి పేరే పెట్టుకొనిరి. తన బలమెఱుగక పెద్దవానిపై బడువానిని గూర్చి, కొండను పొట్టేలు ఢీకొన్నట్లని మనవారందురు. పొట్టేలు వెనుకంజ వేయుట వెఱపుచే గాదు, పొడుచుటకే యను నీతిని పంచతంత్రము బోధించుచున్నది. కాపరి యీ రెండు మాటలను పుస్తకమున జదివినవాడు గాడు, మందలో గన్నవాడు.

ఈ జంతువు పౌరుషమును చూచి ఆనందించుట మిక్కిలి పురాతనము. వాత్స్యాయనుడు కామసూత్రములయందు పేర్కొనిన అఱువదినాలుగు కళలలో పొట్టేళ్లను, కోళ్లను, లావుకపిట్టలను పోరాడించు విధానము ఒకటి. శూద్రకుని మృచ్ఛకటికమున వసంతసేన యింటి ముంగిట పోరు ముగించి వచ్చిన పొట్టేలి మెడను, జెట్టి మెడను మర్దించినట్లు మర్దించుచున్న దృశ్యము వర్ణింపబడినది. 12వ శతాబ్దమున కల్యాణపురము నేలిన చాళుక్య మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమునందు మేషవినోదమును రాజవినోదములలో జేర్చెను. ఓరుగంటి కాకతీయులు మొదట ఆ చాళుక్యులకు సామంతులు గావున ఆ దర్బారు వేడుకలు తెలుగు నేలకు క్రొత్తవి గావు. ఓరుగల్లు నగరసంచారమును వర్ణించు క్రీడాభిరామమునందును పొట్టేళ్ల పోరు, కోళ్ల పోరు వీధివేడుకలుగా గానవచ్చుచున్నవి.

ఇందొక విషయము గమనింపదగినది. ఈ గ్రంథములన్నిటియందును చూచువాడు రాజో, విటుడో, నగరవాసియో యగుచున్నాడు. పొట్టేలిని పెంచినవాని మాట యెచ్చటను ప్రధానముగ లేదు. గెలిచినవానికి పేరు, పందెము గట్టినవానికి పైకము. మెడవిఱిగిన పొట్టేలు మాత్రము పెంచినవానికి నష్టము.

పెంచువాని చరిత్ర వేఱొకచోట నున్నది. అది దేవాలయ శాసనములయందు. ద్రాక్షారామము మొదలగు క్షేత్రములలో అఖండదీపమునకై దాతలు గొఱ్ఱెలను సమర్పించి, వానిని కాపరుల కప్పగించెడివారు. కాపరి ఆ మందను పోషించుచు దినదినము దీపమునకు నేయి కొలిచి యియ్యవలెను. దీపము నిలువవలెనన్న మంద తఱుగరాదు. ముదిసిన గొఱ్ఱెకు మాఱుగ పిల్ల రావలెను. పిల్లకు మంచి పొట్టేలు కావలెను. మందను తరతరముల కొకే లెక్కన నిలుపుట యెంత నేర్పుతో గూడిన పనియో వృత్తి యెఱిగినవారికి చెప్పనక్కఱలేదు. రాజాస్థానమున పొట్టేలు పోరాటగాడు. కాపరి చేతిలో అది కులదీపము. మన గౌరవము ఈ రెండవ చరిత్రలో నున్నదని మా విశ్వాసము.

ఇక పొట్టేలు ఏల ఢీకొనునో విచారింతము. ఇది దుష్టస్వభావము గాదు. మగపిల్లలు ముద్దాడు వయస్సుననే నుదురు నుదురు తాకించి ఆడుకొనును. వయస్సు వచ్చిన పిమ్మట వృషణములనుండి పుట్టు రసము రక్తమున గలియుటచే మెడ బలియును, కొమ్ములు పెరుగును, కోపము హెచ్చును. ఆడుగొఱ్ఱె సుమారు 17 దినముల కొకమాఱు ఎదకు వచ్చును. వానలు గురిసి పచ్చిక చిగిర్చి ఎదలు మెండైనపుడు పొట్టేళ్ల పంతము కూడ మెండగును. ఒక మందలో చిరకాలము కలిసి పెరిగిన పొట్టేళ్లకు ఎవరు పెద్దయో ఎఱుకయే గావున కలహము తక్కువ. క్రొత్తది వచ్చినపుడే తగవు. సమానబలము గలవైనచో ఒండొంటిని వాసన చూచి, కొన్ని అడుగులు వెనుకకు బోయి, తల వంచి పరుగున వచ్చి ఢీకొనును. ఒకటి మొగము త్రిప్పువఱకు ఈ పోరు సాగును.

ప్రకృతి ఈ పోరునకు తగిన కవచమును ఇచ్చినది. పుఱ్ఱె యెముక రెండు పొరలుగా నుండి నడుమ గాలిగదులు గలది. కొమ్మును, మెడకండరములును దెబ్బ వేగమును మ్రింగును. ఉత్తర అమెరికా కొండలలోని పెద్దకొమ్ముల పొట్టేలికి కొమ్ముల బరువే 14 కిలోగ్రాముల వఱకు నుండును. అయినను కవచమున్నంత మాత్రమున చావు లేదనుకొనరాదు. మెడ విఱుగుట, కొమ్ము మొదలు చిట్లి పురుగు పట్టుట, కొమ్ములేని పొట్టేలు కొమ్ములదాని దెబ్బకు గూలుట మందలయందు జరుగుచునే యుండును.

ఇట్టి స్వభావము గల జంతువునకు బొగ్గుసీమలో ఏమి సంభవించెనో చూతము. 1871లో విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున బొగ్గు ఉనికిని గుర్తించెను. సింగరేణి కంపెనీ 1920లో ఆ పేర నేర్పడెను. 1960 దశకమునుండి రామగుండము బొగ్గుగనులు వృద్ధి బొంది, గోదావరిఖని పట్టణముగ వెలసెను. 1978లో ఎన్టీపీసీ విద్యుత్కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను. భూగర్భపు గనులకు తోడు ఓపెన్‌కాస్టు గనులు వచ్చిన పిమ్మట పొలములును బీళ్లును గోతులైనవి. త్రవ్విన మట్టి గుట్టలైనది. గని వేలమందికి అన్నము పెట్టినది, మన బిడ్డలకును పెట్టినది, దానిని కాదనము. కాని మందకు మేత మట్టిదిబ్బల యంచులను, బాటల ప్రక్కలను మిగిలినది. వెనుకటి కాలమున ఎదురుపడిన రెండు మందలను కాపరులు రెండు దిక్కులకు మరలించెడివారు. నేడు మరలించుటకు దిక్కే కఱవైనది.

పైపెచ్చు 2017 జూన్ 20వ తేదీన కొండపాకలో ప్రారంభమైన రాష్ట్రప్రభుత్వపు గొఱ్ఱెల పంపిణీ పథకము ననుసరించి ఒక్కొక్క కుటుంబమునకు 20 ఆడుగొఱ్ఱెలు, 1 పొట్టేలు నిర్ణయింపబడెను. పది యిండ్లవారు అట్లు పొంది ఒకే బీటిలో మేపినచో, ఎన్నడును ఎదురుపడని పది పొట్టేళ్లు ఒక్కచోట గూడినట్లే. ఆ లెక్క మందవృద్ధికి సరియైనదే; అయినను పొట్టేళ్లను కలుపు నేర్పు లేనిచో లాభము కొమ్ముల పాలగును.

ఆ నేర్పు మన పెద్దలకు క్రొత్త గాదు. నేటి పశువైద్యులును దానినే సమర్థించుచున్నారు. స్వంత సంతతితో సంకరము గాకుండ రెండేండ్ల కొకమాఱు విత్తనపు పొట్టేలిని మార్చవలెను. కావున క్రొత్తది రాక తప్పదు. వచ్చినపుడు దానిని పాతదానితో విశాలమైన దొడ్డిలో విడువరాదు. వెనుకంజ వేసి పరుగెత్తుటకు చోటు చాలని ఇఱుకు తడకలో ఒకటి రెండు దినములు రెంటిని కలిపి యుంచవలెను. పరుగు లేనిచో పోటు లేదు; ఒకదాని వాసన యొకటి ఎఱిగి చల్లబడును. విత్తనమునకు పనికిరాని మగపిల్లలకు సకాలమున విత్తులు కొట్టించుటయో, వేఱు జేయుటయో మేలు.

కార్మికవాడలయందు జాతరమొక్కునకై ఒంటి పొట్టేలిని గుంజకు గట్టి పెంచు గృహస్థులు ముఖ్యముగ వినవలసిన దొకటి కలదు. తల్లిలేని పిల్లకు సీసాపాలు పోసి చేతిమీద పెంచినచో అది మనుష్యుని తన జాతివానిగ దలచి, వయస్సు వచ్చిన పిదప వానితోనే పోరునకు దిగును. బాలురు దాని నుదురు నెట్టి యాడుట పోరు నేర్పుటయే. ముద్దుగ పెరిగిన పొట్టేలే మోకాలు విఱుగగొట్టును. నుదురు దువ్వరాదు, గడ్డము క్రింద నిమురవలెను. విప్పియున్న పొట్టేలికి వెన్ను చూపరాదు.

పందెముల మాట మిగిలినది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ననుసరించి జంతువులను పోరునకు పురికొల్పుట నేరము. అయినను కోస్తా మండలములలో సంక్రాంతికి పొట్టేళ్ల పందెములు నేటికిని వినవచ్చుచున్నవి. జావాద్వీపమున గారుత్ పట్టణప్రాంతమునందును వాద్యములతో పొట్టేళ్లను పోరాడించు ఆచారము కలదు. అన్నిచోట్ల నున్నదని అన్నియు ఆదర్శములు గానేరవు. బలమును చూపుటకు నెత్తురు కావలెనా? హైదరాబాదు నగరమున మన యాదవ సోదరులు దీపావళి వేళ జరుపు సదరు ఉత్సవమున దున్నపోతులను నూనె రాచి, పూలు గట్టి, ఊరేగించి మెప్పు గొనుచున్నారు, పోరాడించుట లేదు. ఆ రీతిగ మన జాతరలయందు ఎత్తు, బరువు, కొమ్ము, సంతతి చూచి ఉత్తమపు పొట్టేలికి బహుమాన మిచ్చినచో, పందెమునకు పోవు పైకము మందకు చేరును. ఇందుకు పోషకులు పూనుకొన బ్రార్థించుచున్నాము.

పొట్టేలి పౌరుషము దాని ధర్మము. దానిని జూదమునకు వాడువాడు వేడుక కాడు. దాని నెఱిగి మందకు వాడువాడు కాపరి. బీళ్లు తఱిగినను, గనులు పెరిగినను ఈ యెఱుక మన చేతినుండి జాఱరాదు. మేతభూముల రక్షణకు సంఘముగ అడుగుదము. దొడ్డిలోని శాంతికి ఎవరికి వారు పాటుపడుదము. కాపరి నేర్పు నిలిచిన మంద నిలుచును. మంద నిలిచిన కులము వర్ధిల్లును.