గుండె దడ: ఆందోళన, శరీర లక్షణాల చరిత్ర (రాయలసీమ)

ఆందోళనలో గుండె దడదడలాడడం, నోరెండిపోవడం, కడుపులో దేవినట్టుండడం మనసు కల్పించుకున్నవి కావు, శరీరం నిజంగా చేసే పనులే. ఆధునిక వైద్యం కన్నా ముందే ఈ సంగతి వాడుక మాటకు తెలుసు. కర్నూలు, కడప పల్లెల్లో భయం వేస్తే గుండె జారుతుంది, కాళ్లూ చేతులూ ఆడవు, ముచ్చెమటలు పోస్తాయి. వీటిని ఉత్త అలంకారాలుగా కొట్టిపారేయలేం. ప్రాచీన ఆయుర్వేద గ్రంథం చరకసంహిత కూడా అతిసారాల్లో భయంతో వచ్చేదాన్ని, శోకంతో వచ్చేదాన్ని విడివిడిగా లెక్కపెట్టింది. అమెరికా అంతర్యుద్ధ సైనికుల దడ, ఛాతీనొప్పి గురించి 1871లో రాసిన వైద్యుడు డాకోస్టా మాత్రం దాన్ని గుండెకే వచ్చిన చికాకు అనుకున్నాడు. 1915 నాటి గ్రంథంలో వాల్టర్ కానన్ భయానికీ అడ్రినలిన్‌కూ ముడి చూపించాడు. హాన్స్ సెల్యే 1936లో, ఎలుకలను రకరకాలుగా బాధిస్తే వాటి అడ్రినల్ గ్రంథులు ఉబ్బి, జీర్ణాశయంలో పుండ్లు పడతాయని ప్రకటించాడు.

ధాత కరువు (1876–78) పీల్చి పిప్పి చేసిన ఈ జిల్లాల్లో నీటి మీద దిగులు పాతదే. అప్పు తెచ్చి బోరు వేయిస్తున్న రైతును చూడండి. ఆరువందల అడుగులు దాటినా తెల్లని దుమ్మే లేస్తోంది. మెదడు దాన్ని ప్రాణాపాయంగానే లెక్కగడుతుంది. నరాలు అడ్రినల్ గ్రంథులను తట్టిలేపుతాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తం పేగుల నుంచి కండరాలకు మళ్లుతుంది. ఊపిరి వేగంగా తీస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి పెదవులు, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. పులి ఎదురైతే పనికొచ్చే ఏర్పాటే ఇది. అప్పు నుంచి మాత్రం పరుగెత్తి తప్పించుకోలేం. అందుకే ఆ దడ నెలల తరబడి నిలిచిపోతుంది.

ఎండదెబ్బకూ రక్తహీనతకూ కూడా దడ రాదా, కొన్ని ఊళ్ల బోరునీటి ఫ్లోరైడుతో కీళ్లు పట్టేయవా అని అడగవచ్చు. నిజమే, ప్రతి నొప్పినీ దిగులు ఖాతాలో వేయడం ప్రమాదం. గుండెజబ్బును పోల్చుకోకుండా వదిలేస్తే ప్రాణమే పోవచ్చు. కానీ ఈసీజీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్ అన్నీ సరిగానే ఉన్నాక ‘నీకేం లేదు, పో’ అనడమూ తప్పే. గాలి సోకిందని తాయెత్తు కట్టేవాళ్లు కారణం పొరబడినా బాధను నమ్ముతారు. తాయెత్తుకు ఇంకా గిరాకీ ఉండడానికి అదొక కారణం కావచ్చు. జబ్బు దొరకలేదంటే పరీక్ష ముగిసిందని కాదు. నిద్ర పడుతోందా, అప్పెంత, దడ ఏ వేళ మొదలవుతోంది అని అడగాల్సింది అప్పుడే.