పందెపు బయలున పంచెకట్టు

గుంటూరు, ప్రకాశము మండలములలోని ప్రత్తి, మిరప చేల నడుమ పందెమనగా ముందుగా స్మరణకు వచ్చునది గుఱ్ఱము కాదు, ఒంగోలు గిత్త. బండలాగుడు చూడవచ్చినవాని కట్టుబట్టలను విచారించువాడు లేడు. పంచె యెగగట్టి తలగుడ్డ చుట్టిన రైతే అచట గిత్తల మంచిచెడ్డ లెఱిగిన పరీక్షకుడు.

గుఱ్ఱపు పందెముల మర్యాద వేఱు. ఇంగ్లండులో ఆన్ రాణి 1711లో నెలకొల్పిన ఆస్కాటు బయలున రాజావరణము ప్రవేశించు పురుషునకు పొడవుకోటు, ఎత్తుటోపి నేటికిని తప్పవు. విడాకులు పొందినవారికి 1955 వఱకు అందు చోటే లేకుండెను! కోటును పరీక్షించిన గుమ్మమే కాపురమును గూడ పరీక్షించెనన్నమాట.

మన మండలములు 1953 వఱకు మదరాసు రాష్ట్రములోనివి. ఆ నగరపు గిండీలో 1777 నాటికే పందెపు బయలు వెలసినది. 1896లో రేసు క్లబ్బు ఏర్పడినది. దొరల క్లబ్బులు నేర్పిన వేషమర్యాద దొరలు పోయినను పోలేదు. 2014 జూలైలో చెన్నపట్టణమున క్రికెట్ సంఘమువారి క్లబ్బు, పంచెతో వచ్చిన హైకోర్టు న్యాయమూర్తినే గుమ్మమున నిలిపివేసినది. మఱుసటి నెలలోనే తమిళనాడు శాసనసభ చట్టము చేసినది: పంచె మొదలగు దేశీయ వేషములు ధరించినవారిని క్లబ్బులు అడ్డగింపరాదు, అడ్డగించినచో ఏడాది వఱకు చెఱ, 25,000 రూపాయల జరిమానా. ప్రత్తి పండించు దేశమున ప్రత్తిపంచెకు చట్టము కావలసివచ్చుట మాకు సిగ్గుగా తోచుచున్నది. న్యాయమూర్తి గాక మన పల్నాటి రైతు ఆ గుమ్మమున నిలిచియుండిన, శాసనసభ దాక ఆ మాట పోయెడిదా?

అట్లని మన బండలాగుడు బయలును పొగడి యూరకుండరాదు. అచట ప్రేక్షకులలో స్త్రీలు మిక్కిలి అరుదు. వారి నడ్డగించు కావలివాడు లేడు, వ్రాసిన నియమమును లేదు. ఐనను మన యింటి యాడువారిని ఆ గట్టుమీదికి తోడుకొనిపోవుటకు మనమే జంకుచున్నాము.