ఢంకాల మీద చంద్రలేఖ, సత్రంలో మల్లీశ్వరి

రాజాస్థానాన్నీ నాట్యాన్నీ ముడివేసిన దక్షిణాది చిత్రాలలో అందరూ మొదట తలచుకునేది 1948 ఏప్రిల్ 9న విడుదలైన తమిళ చిత్రం 'చంద్రలేఖ' అయినా, దాని పక్కన ఉంచి చూడవలసిన తెలుగు చిత్రం ఒకటుంది. అది 1951 డిసెంబరు 20న వచ్చిన 'మల్లీశ్వరి'. రెండింటికీ సంగీతం సమకూర్చినవాడు సాలూరు ప్రాంతం నుంచి మద్రాసు చేరిన సాలూరి రాజేశ్వరరావు, రెండింటికీ కళాదర్శకుడు ఎ.కె. శేఖర్. శ్రీకాళహస్తి పొరుగునున్న ఏర్పేడు అప్పట్లో భాగంగా ఉన్న చిత్తూరు జిల్లా 1953 అక్టోబరు 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది కనుక, ఈ ప్రాంతం వారికి ఈ రెండు చిత్రాలూ తమ రాజధానిలో తయారైనవే.

'చంద్రలేఖ' జెమినీ స్టూడియో అధిపతి ఎస్.ఎస్. వాసన్ పంతం పట్టి తీసిన చిత్రం. నిర్మాణం ఏళ్ల తరబడి సాగడం, మొదట దర్శకత్వం వహించిన టి.జి. రాఘవాచారి తప్పుకోవడంతో ఆ బాధ్యతను వాసనే తలకెత్తుకోవడం, ఖర్చు 30 లక్షల రూపాయలని చెప్పుకోవడం అప్పటి సినీలోకంలో పెద్ద ముచ్చట. కథ చిన్నది: వీరసింహుడు, శశాంకుడు అనే ఇద్దరు రాకుమారులు ఒకే యువతిని కోరుకుంటారు, తమ్ముడు రాజ్యాన్ని చేజిక్కించుకుని ఆమెను బంధిస్తాడు, పెళ్లికి ఒప్పుకున్నట్టు నటించిన చంద్రలేఖ, అంతకుముందు తన నాట్యం జరగాలని షరతు పెడుతుంది. కోట ముంగిట వరుసలు తీర్చిన బృహత్తర ఢంకాల మీద నర్తకీమణులు ఆడి దిగాక, ఆ ఢంకాల కడుపులోంచి వీరసింహుని సైనికులు బయటపడతారు. టి.ఆర్. రాజకుమారి నటించిన ఈ ఘట్టంలో నాట్యం రాజును మెప్పించడానికి కాక, అతణ్ని పడగొట్టడానికి పనికివచ్చింది. అయితే ఆ రాజ్యం ఏ పటంలోనూ లేనిది. దాని రాజు ఎవరికీ రాజు కాడు.

కడప జిల్లాకు చెందిన బి.ఎన్. రెడ్డి తీసిన 'మల్లీశ్వరి'లో రాజుకు పేరుంది, ఊరుంది, శాసనాలున్నాయి. బావామరదళ్లయిన నాగరాజు, మల్లి గాలివాన రాత్రి ఒక సత్రంలో తలదాచుకుంటారు; అక్కడే మారువేషంలో ఉన్న శ్రీకృష్ణదేవరాయలు, అల్లసాని పెద్దన ఆమె నాట్యం చూస్తారు; ఎదుట ఉన్నది రాయలేనని ఎరుగని నాగరాజు, మల్లికి పల్లకీ పంపించమని రాజుగారితో చెప్పండని వేళాకోళమాడతాడు. పల్లకీ నిజంగానే వస్తుంది. రాణివాసం, అంటే పరపురుషుడు అడుగుపెడితే ప్రాణం పోయే అంతఃపురం, మల్లిని లోపలికి తీసుకుంటుంది. భానుమతి, ఎన్.టి. రామారావు ఈ జంటగా నటించారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి సినీ రచన ఈ చిత్రంతోనే మొదలైంది.

ఏర్పేడు పరిసరాల వారికి ఈ రాజు కథల్లోని మనిషి కాడు. ఏర్పేడు పొరుగునే ఉన్న శ్రీకాళహస్తిలో రాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గాలిగోపురం 2010 మే నెలలో కూలి, 2017లో తిరిగి లేచింది; తిరుమలలో ఆయన విగ్రహం ఇద్దరు దేవేరుల నడుమ చేతులు జోడించి నిలబడి ఉంది. ఆయన కొలువులో నాట్యం ఎలా సాగేదో చెప్పే సాక్ష్యం కూడా మిగిలింది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, అంతఃపుర స్త్రీలు నాట్యం నేర్చే శాలను దగ్గరగా చూసి రాశాడు: స్తంభాల నడుమ ఉన్న ఫలకాల మీద ఒక్కొక్క నాట్యం ముగిసే భంగిమను చెక్కి ఉంచారనీ, నేర్చేవారు ఏదైనా మరచిపోతే ఆ బొమ్మను చూసి గుర్తు తెచ్చుకునేవారనీ, శాల ఒక చివర చేతులతో పట్టుకుని ఒళ్లు సాగదీసి, కాళ్లూ నడుమూ వంచి సాధన చేసుకునే ఏర్పాటు ఉందనీ అతని వర్ణన. గోడ నడుమ, నాట్యాంతంలో చేతులు నిలిపిన భంగిమలో, పన్నెండేళ్ల పిల్లంత బంగారు బొమ్మ ఉండేదట. రాయిలో మరదలి రూపాన్నే చెక్కే శిల్పి నాగరాజు, ఈ వర్ణన చదివిన వారికి మరీ అంత కల్పితంగా తోచడు.

చరిత్రపరంగా పట్టి చూస్తే సత్రంలో మల్లి ఆడేది జావళి. అంటే నాయిక ప్రియుణ్ని దెప్పుతూ పాడే, లయ చురుకైన శృంగార గేయం. ఈ ప్రక్రియ ప్రచారంలోకి వచ్చింది 19వ శతాబ్దంలో; రాయల ముందు దానిని ఆడడం మూడు శతాబ్దాల తొందరపాటు. కొలువులో ప్రదర్శించే ఉషాపరిణయం మాత్రం యక్షగానం, అంటే పాటా మాటా ఆటా కలసిన దేశి నాటకం, కనుక కాలానికి దగ్గరగా ఉంటుంది. కందుకూరి రుద్రకవి 'సుగ్రీవ విజయం' 16వ శతాబ్దపు రచనే.

చిత్రం ముగింపులో రాయలు, రాణివాసపు కట్టుబాటును ఉల్లంఘించిన ప్రేమికులను క్షమించి పంపుతాడు. అయితే ఆ కట్టుబాటు ఆయనది, పల్లకీ పంపినదీ ఆయనే. తాను వేసిన ముడిని తానే విప్పడాన్ని కరుణ అనడంలో బి.ఎన్. రెడ్డి రాయల పట్ల కొంత మెతకదనం చూపాడనే చెప్పాలి. రాయల అష్టదిగ్గజాలలో ఒకడని చెప్పుకునే శ్రీకాళహస్తి కవి ధూర్జటి అంత మెతక మనిషి కాడు. రాజులనూ వారి సేవనూ 'శ్రీకాళహస్తీశ్వర శతకం'లో ఆయన ఈసడించిన తీరు తెలిసిన ఈ సీమ ప్రేక్షకునికి, కూతురు రాణివాసానికి వెళ్లడాన్ని భాగ్యంగా భావించే మల్లి తల్లి కన్నా, ఆ పల్లకీని చూసి కుమిలిపోయే మల్లి మాటే సబబుగా తోస్తుంది. చంద్రలేఖ తన నాట్యానికి వేళనూ వేదికనూ తానే నిర్ణయించుకుంది. మల్లికి ఆ వీలు లేకపోయింది, ఎవరు చూస్తున్నారో తెలియకుండా ఆడినందుకే ఊరికీ బావకూ దూరమైంది.

భానుమతి, రాజేశ్వరరావు 1954లో 'విప్రనారాయణ' కోసం మళ్లీ కలిశారు. అందులోని దేవదేవి కూడా నాట్యకత్తెయే. కానీ ఆమె కథను నడిపించేది ఏ రాజు పంపిన పల్లకీయో కాదు, తన వంక కన్నెత్తి చూడని శ్రీరంగపు భక్తుణ్ని లొంగదీసుకుంటానని ఆమె తనంత తానుగా పట్టిన పంతం.